భీష్మాష్టమి ఆదివారం కోరంగి మడ అడవుల్లో తెడ్డు ట్రిప్, పాత వలల తీత: ఎవరెవరు వస్తున్నారు?

ఏటిగట్టు
సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారమండి. పండగ హడావుడి అయిపోయింది, బంధువులంతా ఎవరూళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు, ఇక మన పని చూసుకుందాం. రథసప్తమి మర్నాడు భీష్మాష్టమి ఈసారి ఆదివారం పడింది. ఆ రోజు కాకినాడ దగ్గర కోరంగి వైపు సన్నపాయల్లోకి కయాకులేసుకుని వెళ్ళి, మొన్న నవంబర్లో చూసొచ్చిన పాత వలలు తీద్దామని అనుకుంటున్నాం. వరదకి కొట్టుకొచ్చినవి కొన్ని, తెగిపోతే వదిలేసినవి కొన్ని, మడచెట్ల ఊపిరివేళ్ళకి (బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్ళు) చుట్టుకుని అలాగే ఉండిపోయాయి. ఒకచోట వలలో ఇరుక్కుని ఎండిపోయిన నీటికాకి కనబడింది, రెక్కలు విప్పుకున్నట్టే ఉంది, అది చూసిన దగ్గర్నుంచి నాకు మనసులో అదే తిరుగుతోంది.

మన దగ్గర కయాకులు ఎనిమిది, అందులో రెండు డబుల్, అంటే పదిమంది. ఇంకో ఆరుగురు నాటుపడవలో రావచ్చు, తీసిన వలలన్నీ ఆ పడవలోనే వేస్తాం. అది అభయారణ్యం కాబట్టి పర్మిషన్ కోసం అర్జీ పెట్టాను, లెటర్ చేతికొస్తేనే ట్రిప్, లేకపోతే లేదు. పేర్లు ఇవ్వండి.


కాకినాడ కాజా
సోమవారం, రాత్రి 10.05

అన్నా నేను రెడీ. డబుల్ కయాక్ అయినా పర్లేదు సింగిల్ అయినా పర్లేదు. ఒక్క మాట అన్నా, అంత దూరం వెళ్తున్నాం కదా పనయ్యాక సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ దాకా కొట్టేద్దామా? రాత్రికి అక్కడే ఇసకలో టెంట్లు వేసుకుంటే తాబేళ్ళు గుడ్లు పెట్టడం కూడా చూడొచ్చు, ఇదే సీజన్ అంటున్నారు. నేను ఇంతవరకు ఒక్కసారి కూడా చూళ్ళేదు.


తెల్లమడ
మంగళవారం, ఉదయం 6.15

కాజా తమ్ముడూ, నీ ఉత్సాహం నాకర్థమైంది కానీ టెంట్ల మాట వద్దమ్మా. ఇదే సీజన్ కాబట్టే వద్దంటున్నాను. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి వస్తాయి. చీకట్లో ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో గొయ్యి తవ్వుకుని, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోతుంది తల్లి. ఒడ్డెక్కేటప్పుడు టార్చి వెలుగు పడినా మనుషుల అలికిడి తగిలినా గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. నేను ఒకసారి ఒక ఊరి బీచిలో కళ్ళారా చూశాను, అరడజను ఫోన్ లైట్లు ఒకేసారి వెలిగాయి, అంతే, అంత బరువు మోసుకుని పైదాకా వచ్చిన జీవి అలాగే తిరిగి నీళ్ళలోకి పోయింది. ఆ వెనక్కి పోయిన జాడ ఇసక మీద పొద్దున్న దాకా ఉంది.

పిల్లలు 45 నుంచి 60 రోజుల్లో బయటికొస్తాయి. వచ్చిన వెంటనే వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి, చీకటి తీరంలో సముద్రం వైపే కాస్త వెలుతురుంటుంది కాబట్టి సరిగ్గా నీళ్ళలోకి పోతాయి. మనం లైట్లు పెడితే మన వైపు వస్తాయి, ఆ తర్వాత కుక్కలు, నక్కలు, కాకులు. ఇంకో సంగతి, గుడ్డులో ఆడపిల్ల తయారవ్వాలా మగపిల్లా అనేది ఇసక వేడిని బట్టి ఉంటుంది, వేడి ఎక్కువైతే ఆడవి. అలాంటి ఇసక మీద మన టెంటు, మన మంట, మన నడక, ఆ కింద ఏ గూడుందో మనకి తెలీదు కదా.

నీకు చూడాలనుంటే పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు అటవీశాఖ వాళ్ళు గుడ్లు పొదిగించే హేచరీ దగ్గరికి వెళ్దాం, నేనే తీసుకెళ్తాను.


కాకినాడ కాజా
మంగళవారం, ఉదయం 7.30

సారీ అక్కా, ఇంత ఉందని తెలీదు. హేచరీకి తప్పకుండా వస్తాను. మరి చచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చే తాబేళ్ళ సంగతేంటి, అవన్నీ లైట్ల వల్లేనా?


పోటుపాటు
మంగళవారం, మధ్యాహ్నం 1.20

అది వేరండి, నేను చెప్తాను, మా ఇంట్లో అందరం వేట మీదే బతుకుతాం. తాబేలు చేపలాగ నీళ్ళలో ఊపిరి తీసుకోదు, మధ్యమధ్యలో పైకి రావాల. పెద్ద బోట్ల ట్రాల్ వలలో పడితే పైకి రాలేక చచ్చిపోద్ది. వలకి టెడ్ అని ఒక చట్రం పెడితే తాబేలు దానికి తగిలి పైనున్న సందులోంచి బయటికి పోద్ది, రొయ్య చేప వెనక్కి వలలోకి పోద్ది. పెట్టమని రూలుంది. కొంత చేప కూడా ఆ సందులోంచి పోద్దని పెట్టరు చాలామంది. ఇంకోటేంటంటే మనకి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, అది చేపలు గుడ్లు పెట్టే టైముకి పెట్టింది, తాబేళ్ళు వచ్చేది అంతకు ముందే. కాబట్టి నిషేధం తాబేలుకి అంతగా అందదు.

ఇక ట్రిప్ గురించి. ఏటిగట్టు అన్నా, అష్టమి అన్నది నువ్వు కావాలనే చూసుకున్నావా లేక ఆదివారం కలిసొచ్చిందని పెట్టావా? కావాలనే అయితే దణ్ణం పెడతాను. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నాను. పోటంటే సముద్రం నీరు పాయలోకి ఎక్కడం, పాటంటే దిగిపోవడం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు గట్టిగా వస్తాది, పాటు కూడా అంతే గట్టిగా లాగుద్ది, సన్నపాయలో ఎదురు తెడ్డేయడం మన వల్ల కాదు. అష్టమి నవమి రోజుల్లో నీరు మెత్తగా ఉంటాది. రోజుకి రెండు పోట్లు రెండు పాట్లు, ప్రతి రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుద్ది. అష్టమి నాడు పొద్దున్న తొమ్మిది పది మధ్య పాటు అడుగంటి, మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య నిండుపోటు అవ్వాల, ముందురోజు టైడ్ టేబుల్ చూసి ఖాయం చేసుకుందాం.

రెండేళ్ళ కిందట మా పెదనాన్న "ఇవాళ ఎల్లకురా, నీరు లాగేత్తాది" అన్నాడు. ఫోన్లో వాతావరణం బాగుందని చూపించి ఇద్దరు ఫ్రెండ్స్‌ని తీసుకుని వెళ్ళిపోయాను. ఫొటోలు తీసుకుంటా ఉంటే గంటలో పాయ ఖాళీ అయిపోయింది, కయాకులు బురద మీద కూర్చున్నాయి. ఒకడు దిగాడు, తొడ దాకా దిగిపోయాడు, లాగుతుంటే ఇంకా దిగుతున్నాడు. అలాంటప్పుడు నిలబడి కాళ్ళు పీక్కోకూడదండి, వెనక్కి వాలి కయాక్ మీద బరువేసి ఒక్కో కాలూ మెల్లగా లాక్కోవాల. మళ్ళీ పోటు వచ్చేదాకా అయిదు గంటలు ఆ ఎండలో, ఒకే ఒక్క నీళ్ళ బాటిల్‌తో ముగ్గురం. సాయంత్రం పెదనాన్న పడవేసుకుని ఎదురొచ్చాడు, ఒక్క మాట కూడా అన్లేదు, అదే ఇప్పటికీ గుర్తొస్తాది.


ఏటిగట్టు
మంగళవారం, మధ్యాహ్నం 2.00

కావాలనే చూసుకున్నాను తమ్ముడూ, నువ్వు నేర్పిందే కదా.


కొబ్బరాకు
మంగళవారం, రాత్రి 8.50

నమస్తే అండి, నేను కొత్త. అమలాపురం దగ్గర మా ఊరు, ఇక్కడ కాలవలో రెండు సార్లు కయాక్ తొక్కాను (తొక్కడం అనకూడదేమో, తెడ్డేశాను). నాకు ఈత అంతంతమాత్రం. రావచ్చా? ఇంట్లో అమ్మ ఒప్పుకోవట్లేదు, కచ్చులూరు దగ్గర జరిగిందే తీసి చెప్తోంది ప్రతిసారీ. నాక్కూడా భయం లేదని చెప్పను కానీ ఆ పాయలు చూడాలని చాలా ఉంది.


లంక మావయ్య
మంగళవారం, రాత్రి 10.10

అమ్మాయ్, మీ అమ్మగారి భయం న్యాయమైన భయం, దాన్ని తీసిపారెయ్యకు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు నేను రాజమండ్రిలో ఉన్నాను, ఆస్పత్రి దగ్గర జనాన్ని చూశాను. అప్పుడు గోదారి వరద మీదుంది. అది మర్చిపోకూడదు ఎవరూ. మాకు చిన్నప్పట్నుంచి ఒకటే లెక్క, ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 దాటితే రెండోది, 17 దాటితే మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల దాకా వచ్చింది, మా లంకలో ఇంటికప్పుల మీద కూర్చున్నాం. అందుకే జులై నుంచి ఎర్రనీరు తగ్గేదాకా ఈ బ్యాచ్ పెద్ద ఏట్లోకి దిగదు, పులస కోసం దిగే జాలర్లు వేరు వాళ్ళ చెయ్యి వేరు. ఇప్పుడు మాఘమాసం, వరద ఉండదు, పాయలో లోతూ తక్కువే, పోటు టైము చూసుకుని వెళ్తున్నారు, లైఫ్ జాకెట్ ఒడ్డునే కట్టుకుని మళ్ళీ ఒడ్డెక్కాకే విప్పాలి. ఎండగా ఉందనీ ఫొటోలో బాగోదనీ విప్పితే ఆ మనిషి ఇంకో ట్రిప్పుకి రాకూడదు. నువ్వు డబుల్ కయాకులో ముందు కూర్చో, వెనక నేను చుక్కాని చూసుకుంటాను. మీ అమ్మగారితో నేను ఫోన్లో మాట్లాడతానమ్మా.


కొబ్బరాకు
మంగళవారం, రాత్రి 10.25

చాలా థాంక్సండి మావయ్యగారు. అమ్మకి చెప్పాను, "ముందా పెద్దాయనతో మాట్లాడాక చూద్దాం" అంది. అంటే సగం ఒప్పుకున్నట్టే.


యానాం గాలి
బుధవారం, ఉదయం 5.50

పక్షుల తరఫున నేను. దారిలో బురద మేటలు బయటపడి ఉంటాయి, పాటు టైములో వాటి మీద వందల పిట్టలు దిగి పురుగులూ నత్తలూ ఏరుకుంటాయి. వాటిల్లో చాలా మటుకు సైబీరియా వైపు నుంచి ఎగిరొచ్చినవి, ఏప్రిల్ నాటికి మళ్ళీ అంత దూరం ఎగరాలి, ఇక్కడ తిన్న తిండే వాటికి పెట్రోలు. మనం కయాకు మేట పక్కకి తీసుకెళ్తే గుంపంతా లేస్తుంది, చూడ్డానికి బావుంటుంది, వీడియోకి ఇంకా బావుంటుంది, కానీ అలా రోజుకి పది సార్లు లేపితే తిండి టైమంతా ఎగరడానికే సరిపోతుంది. తలలెత్తి చూస్తున్నాయంటే అప్పటికే దగ్గరికి వచ్చేశాం అని లెక్క, తెడ్డు ఆపేసి పక్కకి తిప్పాలి. కాకినాడ అఖాతం వైపు ఇండియన్ స్కిమ్మర్లనే పిట్టలు కనిపిస్తాయి, కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు, ఆ కింది ముక్కుని నీళ్ళలో ఆనించి గీత గీసినట్టు ఎగురుతుంది, ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోలేం. బైనాక్యులర్స్ నా దగ్గర రెండున్నాయి తెస్తాను.


కాకినాడ కాజా
బుధవారం, ఉదయం 9.15

ఇంకో ఐడియా అండి. వలలు తీయడంతో పాటు మొక్కలు కూడా నాటితే? ఖాళీగా బురద మేటలు చాలా ఉన్నాయి కదా, తలో యాభై నాటినా ఒక్క రోజులో ఎనిమిది వందల మొక్కలు. కాలేజీ ఫ్రెండ్స్ కూడా వస్తామంటున్నారు.


తెల్లమడ
బుధవారం, ఉదయం 11.40

పైన యానాం గాలి గారు రాసింది మళ్ళీ ఒకసారి చదువు తమ్ముడూ. నువ్వు ఖాళీ అంటున్న మేట ఖాళీ కాదు, అది పిట్టల పొలం. అక్కడ చెట్లు నాటితే ఒకవేళ బతికినా వాటి తిండి పోతుంది, సాధారణంగా బతకవు కూడా, ఎప్పుడూ మునిగే చోట మడమొక్క వేళ్ళకి ఊపిరాడదు.

మడ పెరగాలంటే ముందు నీళ్ళు రావాలి పోవాలి. చెట్లు నరికేసిన చోట నేల గట్టిపడి, మధ్యలో పల్లమైపోయి, పోటునీళ్ళు అక్కడే నిలిచి ఎండి ఉప్పు తేలిపోతుంది, అక్కడ ఎన్ని నాటినా మాడిపోతాయి. అందుకే మన దగ్గర చేపముల్లు కాలవలు తవ్వారు, నడుమ ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలవలు, పైనుంచి చూస్తే చేప ముల్లులాగే ఉంటుంది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళూ అటవీశాఖా ఊళ్ళోవాళ్ళతో కలిసి కృష్ణా గోదావరి డెల్టాల్లో ఈ పద్ధతిలో మడ పెంచారు. పోటుకి నీళ్ళు ఆ కాలవల్లోకి ఎక్కుతాయి, పాటుకి దిగుతాయి, ఉప్పు కడుక్కుపోతుంది, గట్ల వాలు మీద మొక్క నిలబడుతుంది. ఆ కాలవల్లో పూడిక తీస్తూ ఉండటమే పెద్ద పని, దానికి ఫొటోలు రావు, పార పట్టుకోవాలి. నీ ఫ్రెండ్స్ వస్తామంటే ఎండాకాలం ముందు ఆ పనికి తీసుకురా, అనుమతి అడిగి చేద్దాం.

ఉప్పుపొన్న అనే మడచెట్టు కాయలు చూశావా? చెట్టుకి ఉండగానే మొలకెత్తి, మునక్కాయల్లాగ వేలాడుతుంటాయి. రాలి బురదలో గుచ్చుకున్నవి గుచ్చుకుంటాయి, మిగతావి నీళ్ళమీద తేలుకుంటూ పోయి తమకి నచ్చిన చోట నాటుకుంటాయి. దారిలో అడ్డం వల ఉంటే ఆ వలకే తగులుకుని ఎండిపోతాయి. వల తీస్తే అదే సగం నాటినట్టు.


లంక మావయ్య
బుధవారం, మధ్యాహ్నం 12.30

1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు పడిపోయిన తీరు చూసినవాడెవడూ మడచెట్టు మీద కత్తి వెయ్యడు. అంతకు ముందు మా వాళ్ళు కూడా పొయ్యిలోకి తెచ్చేవారు, నేను దాచను. ఆ తర్వాత మా ఇంట్లో మా నాన్నే వద్దన్నాడు.


పోటుపాటు
బుధవారం, సాయంత్రం 4.45

తీసిన వలలు ఏం చేద్దాం అనేది ఎవరూ మాట్లాడలేదు. టంగుసు (నైలాన్) వలలు కాల్చకూడదు, ఆ పొగ మంచిది కాదు. పోయినసారి ఒకాయన రొయ్యల చెరువు మీద పిట్టలు వాలకుండా కప్పుకుంటానని అడిగితే ఇచ్చేశాం, ఆ వల వదులుగా కట్టాడు, వారానికి రెండు కొంగలు దాంట్లో చిక్కుకుని చచ్చిపోయాయి. మనం అడవిలోంచి తీసి చెరువు మీద వేసినట్టయింది. ఈసారి అలా ఇవ్వొద్దని నా మాట.


కొబ్బరాకు
బుధవారం, సాయంత్రం 6.10

కూరపాదులకి దడి కట్టుకోడానికి కూడా ఇవ్వొద్దా అండి? మా వీధిలో అందరూ అదే కడతారు.


పోటుపాటు
బుధవారం, సాయంత్రం 6.30

బిగించి కడితే పర్లేదమ్మా, అంచు వదులుగా వదిలేస్తే పాములూ ఉడుములూ చిక్కుకుంటాయి. నా మటుకు నేను మూటలు కట్టి పాత ప్లాస్టిక్ కొనేవాళ్ళకి వేద్దామంటాను. డబ్బులు వస్తే డీజిల్‌కి.


ఏటిగట్టు
శుక్రవారం, రాత్రి 9.00

పర్మిషన్ లెటర్ వచ్చిందండి. పదహారు మందిమీ ఖాయం. హోప్ ఐలాండ్ లేదు, మొక్కలు లేవు, వలలు మాత్రమే, మూటలు పాత ప్లాస్టిక్ కొనేవాళ్ళకే. కాళ్ళకి పాత బూట్లు వేసుకోండి చెప్పులు వద్దు, చెట్ల వేళ్ళ మీద ఆల్చిప్పలు బ్లేడుల్లా ఉంటాయి. చేతికి గ్లౌజులు, వల కోయడానికి చిన్న కత్తెర, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. ముఖ్యమైనది తిల్లచెట్టు. కొమ్మ విరిగితే పాలు కారుతుంది, అది కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, ఒంటి మీద పడితే బొబ్బలు. ఆ చెట్టుకి చుట్టుకున్న వలల్ని తెల్లమడ అక్కా పోటుపాటూ మాత్రమే ముట్టుకుంటారు, కళ్ళజోడు పెట్టుకుని. వాసాలకి కట్టిన వలలు, పీతల బుట్టలు కనబడితే అవి పాతవి కావు, ఒకరి అన్నం, అటు వెళ్ళొద్దు. ఏది వదిలేసిందో ఏది వాడుకలో ఉందో పోటుపాటు వాళ్ళ పెదనాన్నగారు పడవలో ఉండి చెప్తారు, ఆయన అవునంటేనే కత్తెర.


ఏటిగట్టు
ఆదివారం, రాత్రి 9.30

అందరం ఇంటికి చేరామండి. పదకొండు మూటలు. తూకం రేపు చెప్తాను. నాకు చేతులు పైకి లేవట్లేదు, మిగతాది ఎవరైనా రాయండి.


కొబ్బరాకు
ఆదివారం, రాత్రి 10.15

నేను రాస్తానండి, నిద్ర పట్టట్లేదు ఎలాగూ. పదకొండింటికి పాయ నోటి దగ్గర దిగేసరికి నీళ్ళు అప్పుడే లోపలికి నడుస్తున్నాయి, తెడ్డు ముంచితే చాలు కయాక్ దానంతటదే వెళ్తోంది. రెండు పక్కలా చెట్లు, బురద మీద చిన్నచిన్న చేపలు రెక్కల మీద నడుస్తున్నాయి, నేను చేప నడవడం ఎప్పుడూ చూళ్ళేదు. మావయ్యగారు ఒక తెల్లమడ చెట్టు ఆకు కోసిచ్చి నాలిక్కి రాసుకోమన్నారు, ఉప్పు! చెట్టు తాగిన ఉప్పునీళ్ళలోంచి ఉప్పుని ఆకుల మీదకి తోసేస్తుందట. పని మాత్రం చాలా కష్టం, ఒక వల తీయడానికి నాకూ కాజాకీ కలిపి గంటన్నర పట్టింది, ఊపిరివేళ్ళు విరక్కుండా ఒక్కో కన్నూ కత్తిరించాలి, లాగితే వేరు కూడా వచ్చేస్తుంది. ఆ వలలో మూడు మండపీతలు బతికున్నాయి, పెదనాన్నగారు విప్పి నీళ్ళలోకి వదిలేశారు. అమ్మకి ఇవన్నీ చెప్తుంటే అన్నం చల్లారిపోయేదాకా విన్నది.


యానాం గాలి
ఆదివారం, రాత్రి 10.40

వచ్చేటప్పుడు మలుపులో బురద మీద అడుగులు చూపించాను గుర్తుందా, అవి బావురుపిల్లివి. 2018లో కెమెరాలు పెట్టి లెక్కేస్తే ఈ అడవిలోనే నూటికి పైగా తేలాయి. పిల్లి జాతే అయినా నీళ్ళలోకి దిగి చేపలు పడుతుంది. పోటుకి ఆ అడుగులు చెరిగిపోలేదు అంటే నీళ్ళు దిగడం మొదలయ్యాక, మనం ఇంకా వలలు కోస్తున్నప్పుడే అటు నడిచెళ్ళింది.


కాకినాడ కాజా
ఆదివారం, రాత్రి 11.05

నిజంగానా అండి? మేమిద్దరం అక్కడికి ఇరవై అడుగుల్లోనే ఉన్నాం! అన్నా ఇంకొక సంగతి, ఆ మలుపు దాటాక ఎడమ చేతి పాయలో ఇంకో పెద్ద వల ఉంది, టైమైపోతోందని పోటుపాటు అన్న రానివ్వలేదు. నేను ఆ చెట్టు కొమ్మకి ఎర్ర గుడ్డ కట్టొచ్చాను, తిల్లచెట్టు కాదు, చూసుకునే కట్టాను. మళ్ళీ అష్టమి ఎప్పుడు?


పోటుపాటు
ఆదివారం, రాత్రి 11.10

పదిహేను రోజులకి బహుళాష్టమి. పెదనాన్నని అడిగాను, పడవ తెస్తానన్నాడు.